తూకానికి వేయొద్దు

2025 అక్టోబరు 14, మంగళవారం. ఆ రోజు రుద్రవరంలో ఏ ల్యాప్‌టాపూ ఆగిపోలేదు. ముందురోజు ఎలా పనిచేసిందో అలాగే పనిచేసింది. పాటలు వినిపించింది, ప్రింటు తీసింది, హాల్‌టికెట్ దించిపెట్టింది. అయినా ఆ రోజుతో ఒక సంగతి మారింది. 2015 జులై 29న వచ్చిన విండోస్ 10కి ఉచితంగా భద్రతా సవరణలు పంపడం మైక్రోసాఫ్ట్ ఆపేసింది, విండోస్ 11కి మారమంది. మారదామని ప్రయత్నిస్తే 2017కు ముందు తయారైన దాదాపు ప్రతి యంత్రమూ ఒకటే జవాబు చెబుతుంది: నాకు ఆ అర్హత లేదు అని.

ఆ జవాబు చదివిన ఇళ్లలో సాధారణంగా రెండే మాటలు నడుస్తాయి. అప్పో సప్పో చేసి కొత్తది కొందామని ఒకరంటారు. ఉన్నదాన్ని ఎంతో కొంతకు తూకానికి వేద్దామని ఇంకొకరంటారు. ఈ రెండింటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ యంత్రం అసలు ఎక్కడ ఆయాసపడుతోందో చూడాలి. దాంతో ఇంట్లోవాళ్లకు పడే పనేమిటో రాసుకోవాలి. ఆ రెండింటికీ సరిపోయే ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో అప్పుడు తేల్చుకోవాలి. కంపెనీ పెట్టిన గడువు కంపెనీది. మన ఇంటి యంత్రానికి ఆయుష్షు ఎంతో తేల్చాల్సింది మనం.

నల్లమల అంచున ఉన్న రుద్రవరం మండల కేంద్రానికి ల్యాప్‌టాపులు వచ్చే దారులు కొన్నే. ఇంట్లో పెద్దపిల్లవాడు నంద్యాలలో రాజీవ్ గాంధీ మెమోరియల్ కాలేజీలోనో శాంతిరామ్‌లోనో ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్నది ఒకటి. వాడికి బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం వస్తే కంపెనీయే వేరే యంత్రం ఇస్తుంది, పాతది చెల్లెలికి మిగులుతుంది. లేదంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి ఎవరో బంధువు పట్టుకొచ్చిన సెకండ్ హ్యాండ్‌ది. కార్పొరేట్ కంపెనీలు లీజు ముగిశాక వదిలేసిన ఆ యంత్రాలు గట్టివి. కీబోర్డు అరగదు, కీలు విరగదు. ధాన్యం అమ్మిన డబ్బుతో ఈ ఇళ్లవాళ్లు కొన్న వస్తువు అది. దాన్ని ఊరికే పనికిరాదనడం నాకు తేలికైన మాటగా అనిపించదు.

ఆయాసం ఎక్కడ?

పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఉందంటే అందరూ ప్రాసెసర్‌ని అనుమానిస్తారు. చాలాసార్లు దోషం హార్డ్ డిస్కుది. అప్పటి ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా ఉండేది నిమిషానికి 5,400 చుట్లు తిరిగే పళ్లెం. లెక్క వేసి చూడండి, ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావాల్సిన సమాచారం పళ్లెంలో ఎక్కడుందో అక్కడికి చదివే ముల్లు జరగాలి, ఆ చోటు తిరిగి తన కిందికి వచ్చేదాకా ఆగాలి. ఇలా చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలను సెకనుకు సుమారు వందకు మించి అందుకోలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ లేచేటప్పుడు చదవాల్సిన ముక్కలు వేలల్లో ఉంటాయి. 2009లో విండోస్ 7 వచ్చేనాటికి ఈ పళ్లేలే లోకం, అందుకే అప్పటి సాఫ్ట్‌వేర్ వాటి ఓపికను బట్టి నడుచుకునేది. ఈనాటి విండోస్ అలా కాదు. వెనకాల సూచికలు తయారుచేస్తుంటుంది, వైరస్‌ల కోసం వెతుకుతుంటుంది, అప్‌డేట్లు దించుకుంటుంది. ఇవన్నీ ఒకేసారి ఆ ఒక్క ముల్లు మీద పడతాయి. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే డిస్కు దగ్గర నూరు శాతం కనబడుతుంది, ప్రాసెసర్ మాత్రం ఖాళీగా కూర్చుని ఉంటుంది.

హార్డ్ డిస్కుకు బదులు వాడే ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. సెకనుకు వేల ముక్కలు అవలీలగా అందిస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లో రెండున్నర అంగుళాల హార్డ్ డిస్కు ఉండే అరలోనే సాటా రకం ఎస్ఎస్‌డీ సరిగ్గా కూర్చుంటుంది. స్క్రూడ్రైవర్ పట్టడం తెలిసిన ఎవరైనా మార్చగలరు. ఈమధ్య మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకాయి, నిజమే. అయినా కొత్త ల్యాప్‌టాప్ ఖరీదు ముందు ఇది చిన్న మొత్తమే. పాత యంత్రం మీద ఒకే ఒక్క ఖర్చు పెట్టగలిగితే అది దీనిమీదే పెట్టాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

తర్వాతది ర్యామ్. వరి కోసినవాళ్లకు ఇది వివరించడం సులువు. డిస్కు గాదె అనుకుంటే ర్యామ్ కల్లం. పని జరిగేది కల్లంలో. కల్లం ఇరుకైతే నూర్చేది నూరుస్తూనే బస్తాలు గాదెలోకి మోయాలి, మళ్లీ అక్కర పడినప్పుడు బయటికి మోయాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో ఈనాటి విండోస్ లేచేసరికే కల్లం చాలా వరకు నిండిపోతుంది. ఇక బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మోత మొదలు. ఆ మోత కూడా నెమ్మదైన పళ్లెం మీదికే. 2013–15 నాటి యంత్రాలకు డీడీఆర్3ఎల్ రకం ర్యామ్ కావాలి. కొత్తది దొరకడం కష్టం, పాత యంత్రాల్లోంచి తీసినది రిపేరు అంగళ్లలో దొరుకుతుంది. కొన్ని పలచటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, వాటికి పెంచే దారి లేదు. కొనే ముందు వెనక మూత తీసి చూసుకోవడం మంచిది.

వేడి సంగతి మన ప్రాంతంవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ కాసే చోట్లలో నంద్యాల ఒకటి. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు వింత కాదు. గది వేడే అంత ఉంటే ప్రాసెసర్ తన వేడిని ఎక్కడికి పంపాలి? కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దానికి తోడు ఫ్యాను రెక్కల మధ్య ఏళ్ల తరబడి చేరిన దుమ్ము. ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు కూడా ఎండి పెళుసెక్కి ఉంటుంది. దుమ్ము దులిపి, పేస్టు కొత్తది రాస్తే మధ్యాహ్నం పూట యంత్రం నడక మారుతుంది. ఇది చేయకుండా ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా అన్యాయంగా దాన్నే తిట్టుకుంటాం.

ఇంకో చిన్న విషయం. యంత్రం తెరిచిన ప్రతిసారీ తేదీ ఎప్పుడో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంటే, ఏ సైటు తెరిచినా ఇది సురక్షితం కాదని హెచ్చరిక వస్తుంటే భయపడకండి. లోపల గడియారానికి ఊపిరిగా ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. సైట్ల భద్రతా పత్రాలకు గడువు తేదీలుంటాయి, తేదీ తప్పితే బ్రౌజర్ వాటిని నమ్మదు. ఎక్కువ మోడళ్లలో ఉండేది కార్ల రిమోట్లలో వేసే రకం బ్యాటరీయే.

గుమ్మం దగ్గర ఆపేది ఏది?

విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబరు 5న. కాగితం మీద దాని కోరికలు పెద్దవి కావు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, రెండు కోర్ల 64 బిట్ ప్రాసెసర్. అడ్డం పడేవి వేరే ఉన్నాయి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్, పైగా మైక్రోసాఫ్ట్ ప్రకటించిన ప్రాసెసర్ల జాబితా. ఇంటెల్‌లో ఇంచుమించు ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 వరస నుంచి ఆ జాబితా మొదలవుతుంది. తాళం చెవులను మిగతా సాఫ్ట్‌వేర్‌కు అందకుండా విడిగా దాచడం, యంత్రం లేచేటప్పుడే దొంగ ప్రోగ్రాములు దూరకుండా చూడటం వీటి ఉద్దేశం. ఉద్దేశంలో తప్పు లేదు. బ్యాంకుకు, పెద్ద ఆఫీసుకు అది అవసరం కూడా.

కానీ ఈ జాబితా బలాన్ని కొలవదు. సెలెరాన్ ఎన్4020 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్‌తో చవకగా అమ్మే చిన్న ల్యాప్‌టాపులు ఈ జాబితాకు సరిపోతాయి. విండోస్ 11 స్టిక్కర్‌తోనే వస్తాయి. వాటిలో విండోస్ 11 ఈడ్చుకుంటూ నడుస్తుంది. అదే నాలుగో తరం ఐ7 నాలుగు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న 2014 నాటి యంత్రం దానికంటే ఎన్నో రెట్లు చురుకైనది. దాన్ని గుమ్మంలోనే ఆపేస్తారు. కాబట్టి అర్హత లేదన్న మాటను బలం లేదన్న మాటగా అర్థం చేసుకుని, పాత ఐ7ను తూకానికి వేసి కొత్త సెలెరాన్ కొనుక్కునే ఇల్లు రెండు విధాలా నష్టపోతుంది. పిల్లల కోసం ల్యాప్‌టాప్ చూస్తున్న తల్లిదండ్రులకు ఈ ఒక్క సంగతి ఎవరైనా ముందే చెబితే బాగుండునని నా ఆశ.

దొడ్డిదారి ఉంది. రూఫస్ అనే ఉచిత పనిముట్టుతో పెన్‌డ్రైవ్ తయారుచేస్తే ఆ తనిఖీలను దాటుకుని విండోస్ 11 ఎక్కుతుంది. చాలామంది అలా వాడుతున్నారు, నెలవారీ సవరణలు వస్తూనే ఉన్నాయి కూడా. అయితే ఇలాంటి యంత్రాలకు సవరణలు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగానే చెప్పింది. ఏడాదికోసారి వచ్చే పెద్ద మార్పును ప్రతిసారీ మళ్లీ చేత్తో ఎక్కించుకోవాలి. 2024లో వచ్చిన 24హెచ్2 నుంచి ఇంకో మెలిక. పాప్‌కౌంట్ అనే ఆదేశం తెలియని ప్రాసెసర్ల మీద అది అసలు లేవనే లేవదు. అంటే కోర్ 2 డ్యుయో యుగం యంత్రాలకు దొడ్డిదారి కూడా మూసుకుపోయింది. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉండి, ఏడాదికోసారి ఓపికగా చూసుకునే మనిషి ఇంట్లో ఉంటే ఈ దారి పట్టండి. లేకపోతే వద్దు.

విండోస్ 10నే అలా కొనసాగిస్తే? 2026 అక్టోబరు 13 దాకా ఇళ్లవాళ్లకు అదనపు సవరణలు తీసుకునే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ చేసింది. దాని తర్వాత రక్షణ లేని నడకే. అది ఎంత ప్రమాదమో మన రాష్ట్రానికి 2017 మే నెలలో తెలిసింది. వాన్నక్రై అనే బందిపోటు ప్రోగ్రాము ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే బిట్‌కాయిన్లు కట్టమంది. ఆ లోపానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. మందు వేసుకోని యంత్రాల్లోకే అది దూరింది. యూపీఐ, బ్యాంకు పాస్‌వర్డులు, ఆధార్ కాపీలు ఉన్న యంత్రాన్ని మందు అందని చోట ఉంచడం ఎంత మాత్రం మంచిది కాదు.

జేబులో ఉన్నదే

మా అన్న కొడుకు నంద్యాలలో డిగ్రీ చదువుతున్నాడు. వాళ్లక్క వాడుకుని వదిలేసిన ల్యాప్‌టాప్ వాడిది. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, తిరిగే డిస్కు. పండక్కి వెళ్లినప్పుడు దాన్ని నా ముందు పెట్టాడు.

"చిన్నాయనా, అంగట్లో అడిగితే ఇంగ దీని పని అయిపాయ అన్నారు. ఇచ్చేద్దామా?"

"తెరుచుకోవడానికి ఎంతసేపు పడతాది అబ్బీ?"

"స్విచ్చేసి, పోయి మొగం కడుక్కోని వస్తే అప్పటికి తెరుచుకుంటాది."

"మరి దీంట్లో నువ్వేం చేస్తావు?"

"రికార్డు టైపు జేసుకోవాల. పైథాన్ నేర్చుకోవాల. స్కాలర్‌షిప్పుది సూసుకోవాల. రాత్రి పూట సినిమా. ఇంగేముంది?"

ఈ జాబితాలో విండోస్ ఉంటేనే జరిగే పని ఒక్కటీ లేదు. సలహా అక్కడే మొదలవ్వాలి. ఎస్ఎస్‌డీ ఒకటి తెప్పించి లినక్స్ మింట్ వేసుకుందామన్నాను. లినక్స్ అనగానే నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు కొట్టేదని వాడి అనుమానం. నీ ఫోన్‌లో ఉన్నదేమిటని అడిగాను. ఆండ్రాయిడ్ గుండెకాయ లినక్సే. 1991 ఆగస్టులో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన సరదాకు మొదలుపెట్టానని చెప్పుకున్న ఆ కెర్నల్ మీదే ఈనాడు ఇంటర్నెట్ సర్వర్లలో అత్యధిక భాగం నడుస్తోంది. ప్రపంచంలోని మొదటి 500 సూపర్‌కంప్యూటర్లూ 2017 నవంబరు నుంచి దానిమీదే నడుస్తున్నాయి. రుద్రవరంలో గొర్రెలు కాసే మనిషి జేబులో ఉన్నదీ అదే.

లినక్స్‌కు ఒకే రూపం లేదు. కింద ఇంజిన్ ఒకటే, పైన కట్టే బండి ఎవరికి తోచినట్టు వాళ్లు కడతారు. లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం ఉంది. విండోస్ అలవాటున్నవాళ్లకు కింద పట్టీ, మూలన మెనూ అన్నీ తెలిసినట్టే ఉంటాయి. 2 జీబీ ర్యామ్‌తో లేస్తుంది, 4 ఉంటే హాయి. 2024లో వచ్చిన మింట్ 22కి 2029 దాకా సవరణలు అందుతాయి. ఇంకా తేలికైనది కావాలంటే లుబుంటు. మరీ ముసలి యంత్రానికి యాంటీఎక్స్. బ్రౌజర్ తప్ప మరేమీ అక్కర్లేనివాళ్లకు గూగుల్ ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ కూడా ఉంది. 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు, కానీ నెట్ లేకుండా దానితో పెద్దగా పని జరగదు. గాలివానకు సిగ్నల్ పోయే పల్లెలకు నేను దాన్ని సూచించను.

ఎక్కించడానికి ముందు పరీక్షించే సౌకర్యం లినక్స్‌లో నాకు బాగా నచ్చిన గుణం. పెన్‌డ్రైవ్‌లోంచే మొత్తం సిస్టమ్ లేస్తుంది, డిస్కును తాకదు. వైఫై పట్టిందా, శబ్దం వచ్చిందా, తెర వెలుతురు తగ్గుతోందా, టచ్‌ప్యాడ్ కదులుతోందా, మూత వేస్తే నిద్రపోయి తీస్తే లేస్తోందా అని చూసుకోవచ్చు. మా వాడి యంత్రంలో వైఫై చిప్ మొదట మొరాయించింది. దానికి డ్రైవర్ విడిగా దించుకోవాలి, దించుకోవడానికి నెట్ కావాలి. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే ఆ చిక్కు విడిపోయింది. ఈ చిట్కా తెలియక చాలామంది ఇక్కడే ఆగిపోతుంటారు.

మింట్ ఫైలు దాదాపు 3 జీబీ ఉంటుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ఫోన్ ప్లాన్‌తో అది ఒక్క రోజులో దిగదు. కాలేజీ వైఫైలో దించుకోవడం మేలు. సగంలో తెగి మళ్లీ అతుక్కున్న ఫైలుతో ఎక్కిస్తే మధ్యలో చెడుతుంది కాబట్టి, సరిగ్గా దిగిందో లేదో సరిచూసే సంఖ్య అదే సైట్లో ఇస్తారు, పోల్చుకోవాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయిన ల్యాప్‌టాప్ అయితే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మధ్యాహ్నం పూట ఈ పని పెట్టుకోవద్దు. అన్నిటికన్నా ముందు ఫోటోలు, సర్టిఫికెట్ స్కాన్లు, పొలం పాసుపుస్తకం కాపీలు వేరే డిస్కులోకి మార్చుకోవాలి. యంత్రం కాస్త కొత్తదైతే బిట్‌లాకర్ తాళం వేసి ఉందేమో చూసి, దాని రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోవాలి. అది పోతే ఫోటోలు పోయినట్టే.

మా వాడి ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీ, మింట్ కలిసి ఎంత మారిందంటే, వాళ్ల నాయన వచ్చి కొత్తది ఎప్పుడు కొన్నావురా అని అడిగాడు. అయినా ఒక మాట సూటిగా చెప్పాలి. సిస్టమ్ తేలికైనంత మాత్రాన ఇంటర్నెట్ తేలిక కాదు. నేటి వెబ్ పేజీలు బరువైనవి. 4 జీబీ యంత్రంలో ఇరవై ట్యాబులు తెరిస్తే ఏ లినక్సూ కాపాడలేదు. సిస్టమ్ ర్యామ్‌లో తక్కువ తింటుంది కాబట్టి బ్రౌజర్‌కు ఎక్కువ మిగులుతుంది, అంతవరకే. మింట్‌లో జీరామ్ అనే సదుపాయం ఆన్ చేసుకుంటే వాడకంలో లేని సమాచారాన్ని ర్యామ్‌లోనే నొక్కి చిన్నది చేసి దాస్తుంది. ఇరుకు యంత్రాలకు అది మేలు చేస్తుంది.

చదువు విషయంలో లినక్స్ వల్ల లోటేమీ లేదు, లాభమే. కొన్ని కాలేజీ ల్యాబుల్లో ఇప్పటికీ టర్బో సీ నేర్పుతున్నారు. అది 1990ల నాటి డాస్ సరుకు. లినక్స్‌లో సీ, పైథాన్, జావా అన్నీ నేటి రూపంలో ఉచితంగా దొరుకుతాయి. రేపు ఉద్యోగంలో పిల్లలు తాకబోయే సర్వరు కూడా ఇదే.

డీటీపీ అంగడి ముడి

పిల్లల దగ్గర సులువుగా తెగిన చిక్కు ఆళ్లగడ్డ, నంద్యాల బజార్లలోని డీటీపీ అంగళ్ల దగ్గర బిగుసుకుంటుంది. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, కరపత్రాలు, ఎన్నికలప్పుడు వాల్‌పోస్టర్లు. తెలుగు నేలమీద ఈ పని ముప్పై ఏళ్లుగా అను అనే ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచింది. అడోబి పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత కొత్త వెర్షన్ లేదు. అయినా ఆ ఫాంట్ల అందానికి, ఆ కీబోర్డు మీద వేళ్లకు పడిన వేగానికి అలవాటుపడ్డ మనిషి విండోస్ ఎక్స్‌పీనో 7నో పట్టుకుని ఉంటాడు. ఎక్స్‌పీకి సవరణలు 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. క్రోమ్ బ్రౌజర్ 2023 ఫిబ్రవరి నుంచి విండోస్ 7కు కొత్త వెర్షన్లు ఇవ్వడం లేదు. యంత్రం పాతదై కాదు, మన లిపి అందులో చిక్కుకుపోయి ఈ మనిషి కదలలేకపోతున్నాడు.

చిక్కు ఎలా పడిందంటే, అను వంటి ఫాంట్లు తెలుగు అక్షరాలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టాయి. ఆ రోజుల్లో వేరే దారి లేదు, వాళ్లు చేసిన సేవ చిన్నది కాదు. కానీ ఆ ఫైలును ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తుల గుంపు కనబడుతుంది. ఫోన్‌లో చదవలేం, వెతికితే దొరకదు. యూనికోడ్‌లో 1991లో మొదటి వెర్షన్ నుంచే తెలుగుకు తన సొంత చోటు ఉంది. ఆ తెలుగు ఏ యంత్రంలోనైనా తెలుగుగానే ఉంటుంది. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, సురవరం, ఎన్‌టీఆర్ వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్లలో కూడా ఉన్నాయి, శుభలేఖకు తగినంత కళ వాటిలో ఉంది. పేజీ కూర్చడానికి స్క్రైబస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 2024లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి వత్తులు, గుణింతాలు విరక్కుండా చూపిస్తుంది.

అంగడివాళ్లను రాత్రికి రాత్రి మారమనడం అన్యాయం. ముహూర్తాల సీజన్‌లో పూటకు నాలుగు కార్డులు వేసే మనిషి కొత్త కీబోర్డు నేర్చుకుంటూ కూర్చోలేడు. నేను సూచించేది ఇది. అను ఉన్న పాత కంప్యూటర్‌కు నెట్ కేబుల్ తీసేయండి. అది కేవలం పేజీలు కూర్చే యంత్రంగా ఉండిపోనివ్వండి. మెయిల్, వాట్సాప్, ఆన్‌లైన్ దరఖాస్తులు రెండో యంత్రంలో, లినక్స్ మీద పెట్టుకోండి. రెండింటి మధ్య పెన్‌డ్రైవ్. వాన కాలం ఖాళీలో యూనికోడ్‌లో ఒక్కో కార్డు వేసి చూసుకోండి. ట్యాలీలో ఎరువుల లెక్కలు రాసేవాళ్లు, వేలిముద్రల యంత్రంతో, డిజిటల్ సంతకం టోకెన్‌తో పని ఉన్న సేవా కేంద్రాలవాళ్లు మాత్రం విండోస్‌ను వదలడానికి తొందరపడొద్దు. ఆ పరికరాల డ్రైవర్లు ముందు విండోస్‌కే తయారవుతాయి. వాళ్లకు విండోస్ 11కి అర్హత ఉన్న యంత్రం కొనడమే సరైన ఖర్చు.

కొత్త సాఫ్ట్‌వేర్ అయినంత మాత్రాన తెలుగును బాగా చూసుకుంటుందన్న నమ్మకమూ పెట్టుకోనక్కర్లేదు. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు సంయుక్తాక్షరం తెర మీదికొస్తే అప్పటి కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్న ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. సవరణ వచ్చేదాకా ప్రపంచమంతా మన అక్షరాన్ని చూసి జంకింది. లోపం అక్షరానిది కాదు, దాన్ని పేర్చే ప్రోగ్రాముది. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అలాంటి లోపం కనబడితే ఏ ఊరి పిల్లవాడైనా లోపలికి వెళ్లి దిద్దే వీలుంటుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ ఇరవై ఏళ్లుగా చేస్తున్నది ఇలాంటి పనే. తెలుగులో మెనూలు కనబడే ఆపరేటింగ్ సిస్టమ్‌ను 2005లోనే తెచ్చింది. దానికి అనువాదాలు చేసినవాళ్లలో ఎందరో ఇంజినీరింగ్ విద్యార్థులు. అంత పని జరిగినా అది మన బడుల్లోకి రాకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

దక్షిణాదిలో వేరే రాష్ట్రాలు ఏం చేశాయో చూడండి. కేరళ 2001లో ఐటీ ఎట్ స్కూల్ మొదలుపెట్టి, ప్రభుత్వ బడుల కంప్యూటర్లను మెల్లగా మొత్తం లినక్స్ మీదికి మార్చింది. ఈనాడు కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఉబుంటును తమ పాఠాలకు తగ్గట్టు మార్చి బడులకు ఇస్తోంది. అక్కడ బడిలో యంత్రం పాతబడితే దానికి తగ్గ సిస్టమ్ ఎక్కించడం ఉపాధ్యాయులకు తెలుసు. తమిళనాడు 2011లో మొదలుపెట్టిన ఉచిత ల్యాప్‌టాపుల్లో విండోస్‌తో పాటు చెన్నై సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా పెట్టింది. మన దగ్గర ప్రభుత్వాలు పిల్లలకు పరికరాలు పంచినప్పుడు ఎన్ని ఇచ్చామన్న లెక్క వినిపిస్తుంది. అయిదేళ్ల తర్వాత వాటిలో ఏ సాఫ్ట్‌వేర్ నడవాలన్న ప్రశ్న ఎవరూ అడగరు. టెండరులోనే ఆ షరతు ఉండాలి.

అన్ని యంత్రాలనూ బతికించలేం. 32 బిట్ ప్రాసెసర్లకు కాలం దాదాపు చెల్లింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. యాంటీఎక్స్ వంటి కొన్ని మాత్రమే వాటికి ఇంకా నీళ్లు పోస్తున్నాయి. బ్యాటరీ ఉబ్బి కీబోర్డును పైకి తంతున్న ల్యాప్‌టాప్‌ను ఇక ఛార్జింగ్ పెట్టొద్దు, దాంతో మంటలు పుట్టే ప్రమాదం ఉంది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అలాంటివి నమోదైన రీసైక్లర్లకు చేరాలి. పాతసామాన్ల బండిలో పడితే రాగి కోసం ఎక్కడో తగలబెడతారు, ఆ పొగ పీల్చేది చిన్నపిల్లలు. ఇచ్చే ముందు డిస్కు తీసి దాచుకోండి. అందులో మీ ఆధార్ ఉంది.

మిగతా యంత్రాలకు ఊళ్లోనే ఏర్పాటు చేయొచ్చు. లినక్స్ అభిమానులు ప్రపంచమంతా ఇన్‌స్టాల్ ఫెస్ట్ పేరుతో ఒక రోజు ఒక చోట చేరి, వచ్చినవాళ్ల యంత్రాలకు ఉచితంగా సిస్టమ్ ఎక్కించి పంపుతుంటారు. రుద్రవరానికి కావాల్సింది ఉన్నత పాఠశాలలో ఒక గది, సెలవులకు ఊరికొచ్చిన ఇంజినీరింగ్ పిల్లలు నలుగురు, ముందే తయారుచేసి పెట్టుకున్న పెన్‌డ్రైవులు, కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టరు ఒకటి. ఆలమూరు, చందలూరు నుంచి వచ్చేవాళ్లకు ఛార్జరు, ఫోటోలు దాచుకునే డిస్కు మరచిపోవద్దని ముందురోజే చెప్పాలి. సంక్రాంతి సెలవుల్లో పెట్టుకుంటే పిల్లలూ ఊళ్లోనే ఉంటారు, ఎండా ఉండదు.